పిల్లల్లో మందులు వికటించడం: చర్మం నుంచి కంటి దాకా

మూర్ఛకో ఇన్ఫెక్షన్‌కో వేసిన మందు ఎక్కడో ఒక బిడ్డకు పడదు. ఒళ్లంతా కాలినట్టు పొక్కి చర్మం ఊడుతుంది, నోరు పూస్తుంది, కళ్లు పుసికట్టి రెప్పలు అతుక్కుపోతాయి. ఇదే స్టీవెన్స్–జాన్సన్ సిండ్రోమ్. ఊడిన చర్మం ఒంటిలో 30 శాతం దాటితే దాన్ని టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలైసిస్ అంటారు. పేరుకు చర్మవ్యాధే. బతికి బయటపడ్డ పిల్లలను ఏళ్ల తరబడి వేధించేవి మాత్రం ఎక్కువగా కళ్లే.

ఈ జబ్బు చరిత్ర మొదలైంది కూడా పిల్లలతోనే. ఏడెనిమిదేళ్ల ఇద్దరు మగపిల్లల గురించి 1922లో న్యూయార్క్ వైద్యులు ఆల్బర్ట్ మేసన్ స్టీవెన్స్, ఫ్రాంక్ చాంబ్లిస్ జాన్సన్ రాశారు. అంతకుముందు చూసిన వైద్యులు దాన్ని రక్తస్రావంతో కూడిన తట్టు అనుకున్నారు. నోటిపూత, కంటివాపులతో వచ్చే కొత్త జ్వరమని వీరిద్దరూ శీర్షికలోనే చెప్పారు. మందు మీదకు అనుమానం అప్పటికి ఇంకా మళ్లలేదు.

సల్ఫా మందులు వాడుకలోకి వచ్చాక ఆ అనుమానం బలపడింది. లెక్కలేనన్ని ప్రాణాలు నిలిపిన మందులవి. 1956లో చర్మవైద్యుడు అలన్ లయెల్ నలుగురు రోగులను చూసి, మరిగే నీళ్లు పడ్డట్టుండే తీవ్రరూపాన్ని వర్ణించాడు. చర్మం 10 శాతంలోపు ఊడితే ఒక పేరు, 30 దాటితే మరో పేరు, నడుమ ఉన్నది రెంటి కలగలుపు అన్న లెక్క 1993లో కుదిరింది.

పిల్లల దగ్గర ఒక చిక్కుంది. దోషి ప్రతిసారీ మందు కాదు. మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఇన్ఫెక్షన్ కూడా ఇలాంటి రూపమే చూపిస్తుంది. పైగా జబ్బు తొలి లక్షణం జ్వరమే కాబట్టి, ఆ జ్వరానికి వేసిన పారాసెటమాల్ మీద నింద పడుతుంది. అసలు కారణం అంతకు రెండు వారాల ముందు మొదలుపెట్టిన మూర్ఛ మందు కావచ్చు. అందుకే వైద్యులు నెల రోజుల మందుల చీటీలన్నీ అడుగుతారు.

మందు వికటించే రూపాల్లో లోపలి అవయవాలను పట్టుకునేది డ్రెస్ సిండ్రోమ్. ఈ పేరు 1996లో వచ్చింది. మందు మొదలుపెట్టిన రెండు నుంచి ఎనిమిది వారాలకు జ్వరం, దద్దుర్లు, ముఖం వాపు, రక్తంలో ఇయోసినోఫిల్స్ అనే తెల్లకణాలు పెరగడం కనిపిస్తాయి. కాలేయం, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. మన ఇళ్లలో పిల్లల జ్వరానికి సిరప్‌గా పోసే మెఫెనమిక్ యాసిడ్‌తో ఇది రావచ్చని 2023 నవంబరు 30న ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. మందు వికటిస్తే తెలపడానికి 1800-180-3024 నంబరు ఉంది.

ఒకరికి పడి ఇంకొకరికి పడకపోవడం ఎందుకు? 2004లో తైవాన్ పరిశోధకులు మూర్ఛ మందు కార్బమజెపైన్‌తో స్టీవెన్స్–జాన్సన్ వచ్చిన 44 మందిలో అందరికీ హెచ్‌ఎల్‌ఏ-బి 1502 జన్యురూపం ఉందని చూపారు. 2009లో భారతీయ రోగులు ఎనిమిదిమందిలో ఆరుగురికి అదే దొరికింది. హైదరాబాద్ హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, దేశంలోని సామాజికవర్గాల జన్యుతేడాలను దశాబ్దాలుగా చదువుతోంది. ఆ సంస్థ పాల్గొన్న 2017 అధ్యయనం వైశ్యుల ఉదాహరణ ఎత్తిచూపింది: మత్తుమందుతో పాటు ఇచ్చే సక్సినైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైము లోపం వారిలో మిగతావారికన్నా చాలా ఎక్కువ. చర్మానికి సంబంధం లేని సంగతే అయినా, మందు పడటం పడకపోవడం వంశంతో ముడిపడి ఉంటుందనడానికి తెలుగునాట ఇదొక సూటైన రుజువు.

ఇక కళ్లు. స్టీవెన్స్–జాన్సన్ విషయంలో హైదరాబాద్ పేరు నిలిచేది ఇక్కడే. చర్మం మానిన తర్వాత కనురెప్ప లోపలి అంచు గరుకుతేలి, రెప్ప వాల్చినప్పుడల్లా నల్లగుడ్డు మీది పారదర్శక పొరను గీస్తుంది. గీతలు పుండవుతాయి, పుండు మచ్చవుతుంది, చూపు తగ్గుతుంది. 1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి వైద్యులు సయన్ బసు, వీరేందర్ సాంగ్వాన్ తదితరులు, పిల్లల్లో చూపు పోవడానికి ప్రధాన కారణం ఈ రాపిడేనని 2018లో ప్రచురించారు. పెదవి లోపలి పొరను తీసి రెప్ప అంచుకు అతికించడం, నీటిపొరను పట్టి ఉంచే పెద్ద స్క్లీరల్ లెన్సు పెట్టడం వారి వైద్యం. ఈ రెండూ సకాలంలో అందిన పిల్లల్లో చూపు నిలిచింది.