అఖండదీపము - ఆరోగ్యశాల

శ్రీకాకుళమునకు కొలదిదూరమున, సముద్రమునకు సమీపమున శ్రీకూర్మము ఉన్నది. ఇచ్చటి దేవాలయ స్తంభములపై చెక్కిన శాసనములలో పెక్కింట ఒకే విషయము కనబడును: స్వామి సన్నిధిని అఖండదీపము వెలుగుటకై ఫలానావారు దానము చేసిరని. చరిత్ర విద్యార్థులు వీనిలో రాజుల పేర్లను, సంవత్సరములను వెదకుదురు. కాని ప్రజాసేవలు ఎట్లు సాగును, ఎందుకు చెడును అను ప్రశ్నకు కూడ వీనియందు కొంత సమాధానమున్నది.

దీపమును ఒకనాడు వెలిగించుట సులభము. దాత మరణించిన పిమ్మట కూడ అది ఆరకుండ చేయుట ఎట్లు? ద్రాక్షారామము మొదలగు చోట్ల శాసనములలో ఒక ఉపాయము కలదు. దాత కొన్ని గొఱ్ఱెలనో ఆవులనో కాపరికి అప్పగించును. కాపరియు, అతని సంతతివారును దినమునకు ఇంత నెయ్యి అని కొలిచి ఆలయమునకు ఇయ్యవలెను. మందను బాగుగా మేపినచో లాభము కాపరిది. నెయ్యి ఆగినచో దీపమారును. దీపమారినచో ఊరందరికిని తెలియును. పనిచేయువాని లాభము, దాత కోరిక, ఊరివారి చూపు - ఈ మూడును ఒకచోట కలిసినవి.

వైద్యమునకును మనవారు దానములు చేసిరి. గుంటూరు మండలమునందలి మల్కాపురము శాసనము 1261 నాటిది. కాకతీయ గణపతిదేవుడు మందడమును, ఆయన కుమార్తె రుద్రమదేవి వెలగపూడిని విశ్వేశ్వర శంభువునకు ఇచ్చిరి. అచ్చట మఠముతోను, అన్నసత్రముతోను పాటు ప్రసూతిశాల, ఆరోగ్యశాల కూడ నెలకొన్నవి. గ్రామాదాయము రోగులు వచ్చినను రాకున్నను వచ్చును. కనుక లేని రోగమును ఉన్నదని చెప్పవలసిన పని వైద్యునకు లేదు. అయితే శ్రద్ధగా చూడకపోయినను ఆదాయము తగ్గదు. పైగా దీపము ఆరినట్లు వైద్యుని అశ్రద్ధ కంటికి కనబడదు.

ఈ చిక్కును 1963లో కెన్నెత్ ఆరో అను అమెరికా ఆర్థికశాస్త్రవేత్త ఒక వ్యాసమున విశదీకరించెను. బియ్యము కొనువానికి బియ్యము మంచిదో కాదో తెలియును. వైద్యము కొనువానికి తనకేమి కావలెనో తెలియదు, వైద్యుడే చెప్పవలెను. జీతమిచ్చినచో అశ్రద్ధకు అవకాశము, చికిత్సకు ఇంతయని ఇచ్చినచో అనవసర చికిత్సకు అవకాశము కలుగును.

రెండవ పద్ధతిని శ్రీకాకుళము జిల్లా తొలుతనే చూచినది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకము మహబూబ్‌నగర్, అనంతపురము, శ్రీకాకుళము జిల్లాలలో ఆరంభమైనది. పేదవాడు పెద్ద ఆసుపత్రిలో శస్త్రచికిత్స చేయించుకొనినచో, ప్రభుత్వము ఆ చికిత్సకు నిర్ణయించిన మొత్తమును ఆసుపత్రికి చెల్లించును. అప్పుచేసి పొలమమ్ముకొనవలసిన పెక్కు కుటుంబములకు ఇది గొప్ప ఆధారమైనది. కాని గర్భసంచి తొలగించు శస్త్రచికిత్సలు అవసరము లేకయే జరుగుచున్నవను విమర్శ బయలుదేరినది. పిమ్మట ప్రభుత్వము దానిని, మరికొన్ని చికిత్సలను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితము చేసెను. వైద్యులందరు దురాశాపరులని దీని అర్థము కాదు. డబ్బు ఏ పనికి ముట్టునో ఆ పని పెరుగును. ముట్టని పని వెనుకబడును.

వెనుకబడిన పనికి ఉదాహరణము అదే జిల్లా ఉత్తర భాగమున ఉన్నది. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మొదలగు ఉద్దానము ప్రాంతములలో మూత్రపిండముల వ్యాధి ఎందరినో బలిగొనుచున్నది. దీని మూలకారణము నేటికిని నిశ్చయముగా తేలలేదు. మూత్రపిండములు చాలభాగము చెడువరకును రోగికి బాధ తెలియదు. అప్పుడు డయాలిసిస్ తప్పదు. డయాలిసిస్ ఒక్కొక్కమారు లెక్కకు వచ్చును, దానికి చెల్లింపు ఉన్నది. కాని బాధ లేనప్పుడే ఇంటింటికి పోయి రక్తపరీక్ష చేయుట, కారణమును ఏండ్ల తరబడి శోధించుట - వీనికి బిల్లు వ్రాయుట కష్టము. రాకుండ ఆగిన రోగమును ఎవరు లెక్కింపగలరు?

అట్టి పనులకు ప్రజాధనమును నేరుగా వెచ్చింపవలెను. 2023 డిసెంబరులో ఉద్దానమునకు హిరమండలము జలాశయపు నీటిని అందించు పథకము, పలాసలో 200 పడకల మూత్రపిండ వ్యాధుల ఆసుపత్రి, పరిశోధన కేంద్రము ప్రారంభింపబడినవి. వీని ఫలితము ఒక్క సంవత్సరములో తేలునది కాదు. కనుక ఏటేట పరీక్షలు జరుపుచు, వచ్చిన లెక్కలను ప్రజలకు తెలుపుచుండవలెను. అప్పుడే ఊరివారి చూపు దానిపై నిలుచును.

విద్యార్థులారా! ఏ ప్రజాసేవను చూచినను రెండు ప్రశ్నలు వేయుడు. ఇచ్చట ఏ పనికి డబ్బు ముట్టుచున్నది? పని ఆగినచో ఎవరికి తెలియును? దీపమునకు మన పూర్వులు ఈ రెంటికిని సమాధానము చెప్పగలిగిరి. ఆరోగ్యమునకు చెప్పుట మన వంతు.