మన్యం జ్వరం: టి.ఏ. బిల్లులో రాసి, డాక్టరుకు చెప్పని మాట

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శి గారు కోరగా, మలేరియా చరిత్రను, దానితో ముడిపడిన ఒక స్వానుభవాన్ని మనవి చేస్తున్నాను. రిటైరయ్యాక మనలో చాలామంది అరకు, మారేడుమిల్లి, పాపికొండలు చూసి వస్తున్నారు కనుక ఇది పనికివస్తుందని నా ఆశ.

మలేరియా అనే పేరు ఇటలీ భాషలో 'చెడుగాలి' అనే మాట నుండి వచ్చింది. మన పెద్దలు గాలిని కాక నీటిని తప్పుపట్టారు. "కొండ నీళ్లు పడలేదు, మన్యం జ్వరం పట్టుకుంది" అనేవారు. ఈ రెండూ కావని తేలింది మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20న సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ అక్కడ అనాఫిలిస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని గుర్తించారు. హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున ఆ రోగికే చెల్లించారట. అంతకు కొద్ది నెలల ముందు ఊటీ దగ్గరి సీగూరు ఘాటుకు వెళ్లి, రాస్ గారే మలేరియా తెచ్చుకున్నారు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ రోజుల్లో మందంటే సింకోనా బెరడు నుండి తీసిన క్వినైనే. బ్రిటిషు వారి హయాంలో దాన్ని పోస్టాఫీసుల్లో పొట్లాలు కట్టి అమ్మేవారు. స్వాతంత్ర్యం వచ్చాక 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై, ఇంటింటా డి.డి.టి. చల్లారు. 1965 నాటికి దేశం మొత్తం మీద కేసులు సుమారు లక్షకు దిగాయి. ఇక జయించామనుకున్నాం. దోమలు డి.డి.టి.కి అలవాటుపడ్డాయి, మనం ఏమరుపాటుకు అలవాటుపడ్డాం. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి.

ఆ 1976లోనే నేనూ, నా తోటి గుమాస్తా ఒకరూ లెక్కల తనిఖీకి పాడేరు వైపు క్యాంపు వెళ్లాము. ఆయన నాకంటే పెద్ద, అన్నగారూ అని పిలిచేవాణ్ణి. "తమ్ముడూ, కొండ నీళ్లు ముట్టకు" అని కాచిన నీళ్లు కూజా నిండా మోసుకొచ్చారు. దోమతెర మాత్రం ఇద్దరమూ తేలేదు. రాస్ గారు చెప్పి అప్పటికి 79 ఏళ్లు!

ఇంటికి వచ్చిన పన్నెండో రోజున అన్నగారికి చలిజ్వరం వచ్చింది. టైఫాయిడ్ అనుకుని వైద్యం చేశారు. మేము మన్యం వెళ్లివచ్చామని డాక్టరు అడగలేదు, మేమూ చెప్పలేదు. రక్తపరీక్ష చేసేసరికి జ్వరం మెదడుకెక్కింది. ఆయన దక్కలేదు. అదే వారం మా టి.ఏ. బిల్లు పాసై వచ్చింది. వెళ్లిన ఊరు, బస చేసిన రాత్రులు అన్నీ అందులో తేదీలతో సహా ఉన్నాయి. ఆయన కుటుంబ పింఛను కాగితాలు నా చేతితోనే పంపాను.

కాలం మారింది. ఆ పాడేరు 2022 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రం. మలేరియా కూడా బాగా తగ్గింది, 2030 నాటికి దేశంలో లేకుండా చేయాలన్నది లక్ష్యం. అయినా ఏజెన్సీకి వెళ్లేవారు ఈ మాటలు గుర్తుంచుకోవాలి.

ఈ దోమ సాయంత్రం నుండి తెల్లవారేదాకా కుడుతుంది. దోమతెర, నిండు చేతుల చొక్కా, ఒంటికి రాసుకునే దోమల క్రీము తప్పనిసరి. ముందుజాగ్రత్త మాత్రలు కూడా ఉన్నాయి. బి.పి., గుండె మందులు వాడే మనబోటివారు ఆ చీటీలు చూపించి, డాక్టరు సలహాతోనే వేసుకోవాలి. తిరిగి వచ్చాక కూడా చెప్పినన్నాళ్లు మానకూడదు.

కుట్టిన వెంటనే జ్వరం రాదు. వారం దాటాక, ఒక్కొక్కప్పుడు నెలల తరువాత వస్తుంది. వస్తే ఆనాడే రక్తపరీక్ష చేయించాలి. ఒకసారి లేదని వచ్చినా, జ్వరం తగ్గకపోతే మళ్లీ చేయించాలి. వైవాక్స్ రకం కాలేయంలో దాగి తిరగబెడుతుంది కనుక మందులు సగంలో ఆపరాదు. ఫాల్సిపేరం రకానికి ఆలస్యం ప్రాణాంతకం.

అన్నిటికంటే ముఖ్యం, డాక్టరు అడిగినా అడగకపోయినా, "ఫలానా తేదీల్లో మన్యం వెళ్లివచ్చాను" అని మొదటి మాటగా చెప్పండి. మీ పిల్లలకూ చెప్పి ఉంచండి. ఆ ఒక్క మాట చెప్పనందుకు నేను ఈనాటికీ బాధపడుతున్నాను.