మా పొయ్యికి ఎవరేసినారు నంబరు?

అలంపురం వెళ్లినప్పుడల్లా మా అమ్మ సంగమేశ్వరాలయం గోడని అరచేత్తో తడుముతూ చుట్టూ తిరుగుతుంది. చిన్నప్పుడు అది భక్తి అనుకునేదాన్ని. రాళ్ల మీద నంబర్లేమైనా మిగిలాయేమోనని వెతుకుతుందట. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట, కూడవెల్లిలో ఉండేది ఆ చాళుక్యుల నాటి గుడి. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని రాయి రాయికీ గుర్తు పెట్టి విప్పి, తెచ్చి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. అదే నీళ్ల కింద వంద దాకా ఊళ్లు పోయాయి. 1981లో ఖాళీ చేయించిన ఊళ్లలో మా అమ్మ కాపురానికొచ్చిన ఊరొకటి. "దేవునికి రాయి రాయికీ నంబరేసి తీసుకపోయి మళ్ల కట్టినారు. మా పొయ్యికి ఎవరేసినారు నంబరు?" అంటుంది అమ్మ.

ఈ మాటని మేం నవ్వుతూ వినేవాళ్లం. పదిమందిలో చెప్పి నవ్వించేవాళ్లం కూడా. దాని బరువు నాకు తెలిసింది 2019లో, ఒక సెమినార్‌కని కేప్‌టౌన్ వెళ్లి, అక్కడొక పాత చర్చిలో నేల మీద పరిచిన పటం ముందు నిలబడ్డప్పుడు.

ఆ చర్చి బైటెన్‌కాంట్ వీధిలో ఉంది. ఒకప్పటి మెథడిస్టు చర్చి, ఇప్పుడు డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియం. పెద్దదేం కాదు, గబగబా తిరిగితే గంటలో అయిపోతుంది. 1867లో కేప్‌టౌన్ మునిసిపాలిటీ ఆరో వార్డుగా విభజించిన పేటకి ఆ పేరే నిలిచిపోయింది. విముక్తులైన బానిసల సంతతి, రేవు కూలీలు, దర్జీలు, చిల్లర వర్తకులు, వలస వచ్చిన యూదులు, అందరూ ఇరుకిరుగ్గా బతికిన చోటు. ఆ బానిసల్లో మనవైపు వాళ్లూ ఉన్నారన్న సంగతి మనకి అంతగా తెలియదు. డచ్చివాళ్లు బెంగాల్ నుంచి, మలబార్ నుంచి తెచ్చినట్టే కోరమాండల్ తీరం నుంచి కూడా మనుషుల్ని కొని ఓడలెక్కించారు. కేప్ రికార్డుల్లో వాళ్ల పేర్ల పక్కన ఇంటిపేరుండదు. తెచ్చిన తీరం పేరుంటుంది. పిల్లల్ని కన్న ఆ స్త్రీలు తమ పిల్లలకి ఏ భాషలో జోల పాడారో ఏ రికార్డూ చెప్పదు.

1966 ఫిబ్రవరి 11న వర్ణవివక్ష ప్రభుత్వం ఆ పేట మొత్తాన్ని తెల్లవాళ్ల ప్రాంతంగా ప్రకటించింది. 1982 నాటికి అరవై వేల మందికి పైగా మనుషుల్ని ఊరి బయట ఇసక మైదానాల్లోకి, కేప్ ఫ్లాట్స్‌కి, తరిమేశారు. ఇళ్లు బుల్‌డోజర్లతో నేలమట్టం చేశారు. మసీదుల్నీ చర్చిల్నీ మాత్రం వదిలేశారు. దేవుళ్ల విషయంలో అన్ని ప్రభుత్వాలకీ ఒకే రకం మర్యాద ఉన్నట్టుంది!

1989లో ఒక ఫౌండేషన్ ఏర్పడి, 1994 డిసెంబరులో మ్యూజియం తెరిచినప్పుడు వాళ్ల దగ్గర చూపించడానికి వస్తువులు పెద్దగా లేవు. కూల్చివేత పనిలో ఉన్న ఒక తెల్ల ఉద్యోగి పారేయకుండా దాచిపెట్టిన వీధుల పేరు పలకలున్నాయి. అవి వేలాడదీశారు. నేల నిండా పేట పటం గీసి, పైన పారదర్శకమైన పొర వేశారు. ఇక్కడ బతికిన వాళ్లు రండి, మీ ఇల్లెక్కడో చూసి పేరు రాయండి అన్నారు. జనం వచ్చారు. మోకాళ్ల మీద కూర్చుని వీధి వెతుక్కుని పేర్లు రాశారు. పక్కింటివాళ్లు కలిశారు, ఏడ్చారు, ఫలానా కొట్టు ఈ మూల కాదు ఆ మూల అని పోట్లాడుకున్నారు. అలా ఆ పేట మనిషి మనిషికీ తిరిగొచ్చింది. అక్కడ గైడ్లుగా పనిచేసింది కూడా ఒకప్పుడు ఆ పేటలో ఉన్నవాళ్లే. వాళ్లలో నూర్ ఇబ్రహీం పావురాల కథ అందరూ చెప్పుకుంటారు. కొత్త ఇంటి నుంచి వదిలిన పావురాలు తిరిగి రాలేదు. వెతికితే కూలిన పాత ఇంటి ఖాళీ జాగాలో కూర్చుని ఉన్నాయట.

పటం పక్కనే నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది ఒక బట్ట. మామూలు తెల్ల గుడ్డ. వచ్చినవాళ్లు దాని మీద పేరో, రెండు మాటలో కలంతో రాస్తారు. తర్వాత ఆ రాతల మీద దారంతో కుడతారు. అలా కుట్టీ కుట్టీ అతికీ అతికీ అది కిలోమీటరు పొడవు దాటింది. మ్యూజియం అంటే అద్దాల పెట్టె, "తాకరాదు" అన్న పలక అని నేర్చుకున్నదాన్ని నేను. ఇక్కడ తాకడమే పని. ఏటా ఫిబ్రవరి 11న పాత నివాసులు మ్యూజియం నుంచి ఖాళీ నేల దాకా నడిచి వెళ్లి రాళ్ల కుప్ప మీద తలా ఒక రాయి పెడతారు. ఇవి మ్యూజియం తీరిక వేళల్లో పెట్టే కార్యక్రమాలు కావు. ఇవి తీసేస్తే అక్కడ మిగిలేది ఖాళీ చర్చి.

ఆ తర్వాత వచ్చిందే హైస్ కోంబైస్. అఫ్రికాన్స్‌లో ఇంటి వంటిల్లు అని అర్థం. పాత నివాసుల్ని, ఎక్కువగా ఆడవాళ్లని, పిలిచి వంటలు గుర్తు చేసుకోమన్నారు, ఆ వంటల్ని బట్ట మీద కుట్టమన్నారు. ఆదివారం పొద్దున ఇంటింటా తెచ్చుకునే కొబ్బరి పొడి అద్దిన కూసిస్టర్లు, గుడ్ ఫ్రైడేకి పసుపూ మసాలా వేసి ఊరబెట్టే చేప, టమాటో బ్రేడీ అనే మాంసం పులుసు. 2016లో ఇదంతా పుస్తకమైంది కూడా. మీ చరిత్ర చెప్పండి అంటే ఏముంది మాకు చరిత్ర అనే స్త్రీ, చేప ఎవరింట్లో బాగా కుదిరేది అంటే గంటసేపు మాట్లాడుతుంది. ఆ గంటలో అద్దె వస్తుంది, తాగొచ్చిన మొగుడొస్తాడు, ఫ్యాక్టరీలో కుట్టుపని వస్తుంది, లారీ వచ్చిన రోజు వస్తుంది.

నా అనుమానం కూడా చెప్పాలి. వంటిల్లు అనగానే అందరికీ నోరూరుతుంది, కళ్లు చెమరుస్తాయి. ఇరుకు గదులు, వీధి కుళాయి దగ్గర తగాదాలు ఆ కమ్మదనంలో కనపడకుండా పోతాయి. "మేమంతా కలిసి ఉండేవాళ్లం" అన్న మాట పోగొట్టుకున్న ప్రతి ఊరి గురించీ వినిపిస్తుంది. ఆ "మేమంతా"లో ఎవరున్నారు? ఇదే ప్రశ్న నోమ్‌వుయో న్గ్సెల్వానే అనే ఆఫ్రికన్ స్త్రీ 1998లో తన జ్ఞాపకాల పుస్తకంతో వేసింది. డిస్ట్రిక్ట్ సిక్స్ అంటే "కలర్డ్" జనం పేట అనే లోకం గుర్తుంచుకుంది, అక్కడ ఆఫ్రికన్ కుటుంబాలూ బతికాయన్నది మర్చిపోయింది. 1901లోనే ప్లేగు పేరు చెప్పి ఆఫ్రికన్లని అక్కణ్ణించి వెళ్లగొట్టారు. 1994 నాటి భూమి పునరుద్ధరణ చట్టం 1913 తర్వాత పోయిన భూములకే వర్తిస్తుంది గనక వాళ్ల వారసులకి దావా వేసే హక్కు కూడా లేదు. ఆమె పుస్తకం తర్వాత 2000 నాటి కొత్త ప్రదర్శనలో మ్యూజియం "నోమ్‌వుయో గది" కట్టింది. తినడం, పడుకోవడం, చదువుకోవడం, చుట్టాలు రావడం అన్నీ ఒకే గదిలో. మ్యూజియం తనని తాను దిద్దుకోవడం నాకు అన్నిటికంటే నచ్చింది. అలాగని అంతా బాగైపోయిందని కాదు. 2004లో మొదటి ఇద్దరు వృద్ధులకి ఇంటి తాళాలు ఇచ్చినప్పటి నుంచి ఇప్పటిదాకా తిరిగొచ్చిన కుటుంబాలు వందల్లోనే ఉన్నాయి.

తిరుగు ప్రయాణంలో నాకు సిగ్గేసింది. తెలుగు స్త్రీల ఆత్మకథల మీద డాక్టరేట్ చేశాను. స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో తెచ్చిన "మనకు తెలియని మన చరిత్ర"ని క్లాసులో ఎన్నిసార్లు పాఠం చెప్పానో లెక్కలేదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్లి, కూర్చుని, విని రాసిన పుస్తకమది. అంత పాఠం చెప్పిన నేను మా ఊరి గురించి అమ్మనొక్క ప్రశ్న అడగలేదు. అలంపురం పురావస్తు మ్యూజియంలో శిల్పాలు చూసి, గుడి చుట్టూ తిరిగి, జోగులాంబకి దండం పెట్టుకుని ఇంటికొచ్చేదాన్ని.

మా ఊరివాళ్లు చాలామంది ఇప్పుడుంటున్న కాలనీలో, ఆ చూసొచ్చిన ధైర్యంతో, ఒక ఆదివారం బడి వరండాలో దుప్పటంత తెల్ల గుడ్డ పరిచి, మార్కర్లు పెట్టి కూర్చున్నాను. పాత ఊరు గీద్దాం రమ్మన్నాను. మగవాళ్లొచ్చారు. మార్కర్లు తీసుకున్నారు. రచ్చకట్ట, రోడ్డు, పొలాలు, ఏ సర్వే నంబరు ఎవరిది, ఎన్ని ఎకరాలు, ఎంత పరిహారం వచ్చింది, ఎంత రాలేదు. నాన్న కూడా ఉత్సాహంగా గీశాడు. నలభై ఏళ్లుగా ఆఫీసుల చుట్టూ తిరిగిన మనుషులు వాళ్లు, ఊరంటే వాళ్ల బుర్రలో పహాణీ కాగితంలాగే మిగిలింది. తప్పు పట్టను. ఆడవాళ్లు వెనక నిలబడి చూసి, పొయ్యి మీద ఏదో ఉందని వెళ్లిపోయారు.

మర్నాడు మధ్యాహ్నం మా ఇంట్లోనే ఇంకో గుడ్డ పరిచాం. తొమ్మిదిమంది ఆడవాళ్లు. ఊరు గీయమని అడగలేదు. నీళ్లెక్కడ్నించి తెచ్చుకునేవాళ్లు అని అడిగాను. అంతే, అమ్మ బావి గీసింది. బావి నుంచి దారి. దారిలో మజ్జిగ పోసే ఇల్లు. పెరటి తలుపు ఎప్పుడూ తెరిచుండే ఇల్లు, మొగుడు కొడితే పరిగెత్తి వెళ్లేది ఆ ఇంట్లోకట. బిడ్డ పోతే పూడ్చిన చోటు ఒకామె చుక్క పెట్టి చూపించి, మళ్లీ మాట్లాడలేదు. పటంలో ఒక్క పొలానికీ నంబరు లేదు. వాళ్ల పేరు మీద పట్టాలుంటే కదా. చింతచెట్టు ఎక్కడుండేదన్న మీద అరగంట తగువు నడిచింది.

గుమ్మం దగ్గర కూర్చున్న ఒక పెద్దామె అసలు గుడ్డ దగ్గరికే రాలేదు. మాల వాడలో ఉండేది. నువ్వూ గీయమ్మా, బావి ఇక్కడుంది చూడు అన్నాను, పెద్ద నేర్పరిలాగా. ఆమె నన్ను చూసి అంది, "ఆ బాయి కాడికి మేం వచ్చేదుండెనా తల్లీ? మేం నీళ్లు తెచ్చుకునింది ఏటికాడ."

ఎవరూ మాట్లాడలేదు. మజ్జిగ గురించి అంతసేపు చెప్పిన మా అమ్మ కూడా తలొంచుకుని గుడ్డ కొసని సర్దుతూ కూర్చుంది. పిల్లలంతా కలిసి ఆడుకునేవాళ్లమని, ఊరంతా ఒక కుటుంబమని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో నాకు, నేనెన్నిసార్లు రాసుకున్నానో. కాసేపటికి అమ్మే అడిగింది, "ఏటికాడ అంటే యాడ? రేవు పక్కనా?" "రేవు మీది గదా. దాని కిందికి పోవాల," అని ఆమె లేచి వచ్చి వంగి చూసింది. వాడ గుడ్డ అంచు దగ్గరే ఆగిపోయింది. అక్కణ్ణించి ఏటికి పోయే దారి గచ్చు మీద వేలితో గీసి చూపించింది, చాలా దూరం, తలుపు దాకా.

సాయంత్రం అందరూ వెళ్లాక అమ్మ ఆ గచ్చు మీద జానలు పెట్టి కొలిచింది. గద్వాల పోయినప్పుడు అదే రకం గుడ్డ రెండు మీటర్లు పట్టుకు రమ్మంది. అతుకు తను వేస్తానంది.