మనస్సును చదువువారి అవతారిక

మన కవులు అవతారికలో గోత్రం, వంశం, గురువు చెప్పుకొనేవారు. 15వ శతాబ్దిలో నంది మల్లయ, ఘంట సింగయ జంటగా రచించిన ప్రబోధచంద్రోదయం ఉదయగిరి ప్రభువు బసవరాజు మంత్రి గంగయకు అంకితమైంది. మనస్సు, వివేకం, మోహం అందులో పాత్రలు. ఆ జంటకవులు మేనమామ, మేనల్లుడు. వారిని కలిపినది బంధుత్వం.

2020 జూలైలో న్యూరోమ్యాచ్ అకాడమీ, మెదడు పనిని గణితంతో వివరించే శాస్త్రానికి అంతర్జాలంలో వేసవి బడి తెరిచింది. 1,700 మందికి పైబడిన విద్యార్థులను ఆసక్తులను, దేశకాలాలను బట్టి చిన్న జట్లుగా కూర్చింది. అక్కడ పరిచయమంటే వంశం కాదు, చదివినది, తెలుసుకోగోరునది.

సహృదయులారా! ఆత్మకూరు బడిలో వంశం చెప్పమంటే తలవంచుకొనే పిల్లవాడు ఉండవచ్చు. నీ ప్రశ్న ఏమిటని అడిగితే తల ఎత్తుతాడు. నాకు ఈ అవతారికే మేలనిపిస్తున్నది.