జిమ్మీ కాళ్లు, ఉప్పునీళ్లు

1909లో బ్రిటన్ పార్లమెంటులో ఒక కుక్క మీద చర్చ జరిగింది. రాయల్ సొసైటీలో పెద్దలందరూ చూస్తుండగా ఒక బుల్‌డాగ్ మెడకు మేకులున్న తోలుపట్టీ బిగించి, కాళ్లు గాజు జాడీల్లో ముంచి, ఆ జాడీలకు తీగలు తగిలించారట. జంతుహింస చట్టం కింద ఇది నేరం కాదా అని ఒక సభ్యుడు నిలదీశాడు. హోంమంత్రి హెర్బర్ట్ గ్లాడ్‌స్టన్ తొణకలేదు. జాడీల్లో ఉన్నది మామూలు ఉప్పు కలిపిన నీళ్లేనని, సభ్యులవారు ఎప్పుడైనా సముద్రంలో కాళ్లు తడుపుకుని ఉంటే కుక్కకు ఎలా అనిపించిందో వారికే తెలుస్తుందని జవాబిచ్చాడు. మేకులంటారా, అవి మెడపట్టీ మీది ఇత్తడి బొడిపెలు.

కుక్క పేరు జిమ్మీ. యజమాని ఆగస్టస్ వాలర్, లండన్‌లో శరీరధర్మశాస్త్రం చెప్పే ప్రొఫెసర్. మొక్కల విద్యుత్ స్పందనల విషయంలో మన జగదీశ్ చంద్ర బోస్‌తో పేచీ పడిన వాలర్ ఈయనే. ఒంటి మీద గాటు పడకుండా, చర్మం పైనుంచే మనిషి గుండె విద్యుత్తును మొట్టమొదట నమోదు చేసింది కూడా ఈయనే. 1887లో, సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో.

గుండె కొట్టుకునే ప్రతిసారీ కుడి కర్ణిక పైభాగాన ఉన్న చిన్న కణజాలంలో విద్యుత్ ప్రేరణ పుడుతుంది. అది ముందు కర్ణికలంతా పాకి, మధ్యలో రెప్పపాటు ఆగి, ఆ తర్వాత జఠరికల్లోకి దిగుతుంది. కండరం ముడుచుకునేది దాని వెనకే. ఒళ్లంతా ఉప్పుకలిసిన తడే కాబట్టి ఆ విద్యుత్తు జాడ కాళ్లూ చేతుల దాకా వస్తుంది. రావడమైతే వస్తుంది గానీ, చర్మం మీదికి చేరేసరికి మిగిలేది సుమారు ఒక మిల్లీవోల్టు, అంటే టార్చిలైటు సెల్లులో ఉండేదానిలో పదిహేను వందల వంతు.

దాన్ని పట్టడానికి వాలర్ దగ్గరున్నది సన్నని గాజు గొట్టంలో పాదరసం, దాని కొసన సల్ఫ్యూరిక్ ఆమ్లం. విద్యుత్తు మారినప్పుడల్లా పాదరసం అంచు కొద్దిగా కదులుతుంది. ఆ నీడ ఫొటో పలక మీద పడుతుంది. పలక ముందుకు జరగాలి కదా, అందుకు వాలర్ దాన్ని పిల్లలాడుకునే బొమ్మ రైలుకు బిగించాడు! చిక్కల్లా పాదరసంతోనే. దానికి బద్ధకం ఎక్కువ. గుండె చురుగ్గా వేసే పదునైన మలుపులన్నీ దాని చేతిలో మొద్దుబారిపోయేవి.

1889లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో జరిగిన సదస్సులో వాలర్ ప్రదర్శనను చూసినవారిలో విలెమ్ ఐంథోవెన్ ఒకడు. జావా ద్వీపంలో పుట్టి, తండ్రి పోయాక నెదర్లాండ్స్ చేరిన ఈ డచ్చి డాక్టరు అప్పటికి లైడెన్‌లో ప్రొఫెసర్. పాదరసం ఎంత ఆలస్యం చేస్తోందో లెక్కగట్టి, గీతను గణితంతో సరిదిద్దాడు. అసలు గుండె గీత ఎలా ఉండాలో 1895లో కాగితం మీద తేల్చాడు. అందులోని అయిదు మలుపులకు పీ, క్యూ, ఆర్, ఎస్, టీ అని పేర్లు పెట్టాడు. కర్ణికలది పీ, జఠరికలది క్యూఆర్ఎస్, జఠరికలు తిరిగి సేదతీరేటప్పటిది టీ. ఇప్పటికీ అవే పేర్లు.

లెక్కతో ఆయన తృప్తిపడి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. ప్రతి రోగికీ కూర్చుని లెక్కలు కట్టే తీరిక ఏ డాక్టరుకుంటుంది? గీత నేరుగా సరిగ్గా పడే యంత్రం కావాలి. కరిగించిన క్వార్ట్జ్‌ను బాణానికి అంటించి గది ఆ చివరికి వదిలితే, వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నని పోగు సాగుతుంది. దానికి వెండి పూత పూసి, బలమైన విద్యుదయస్కాంతం నడుమ వేలాడదీశాడు. ఏమంత బరువు లేని ఆ పోగు, గుండె ఎలా ఆడిస్తే అలా ఆడింది. దాని చుట్టూ ఉన్న సరంజామా మాత్రం దాదాపు 270 కిలోలు. రెండు గదులు నిండేవి, అయిదుగురు మనుషులు కావాల్సి వచ్చేది, అయస్కాంతం కాగిపోకుండా నీళ్లు పారించాల్సి వచ్చేది. రోగి రెండు చేతులూ ఎడమకాలూ ఉప్పునీళ్ల తొట్లలో పెట్టుకుని కూర్చోవాలి.

అంత యంత్రాన్ని ఆసుపత్రికి మోయలేరు, మంచాన పడ్డ రోగిని ప్రయోగశాలకు తేలేరు. అందుకని 1905లో ఐంథోవెన్ కిలోమీటరున్నర దూరంలోని ఆసుపత్రి నుంచి టెలిఫోన్ తీగ మీదుగా గుండె విద్యుత్తునే రప్పించాడు. ఊళ్లో ఉన్న రోగి ఈసీజీ హైదరాబాద్‌లోని డాక్టరు ఫోనుకు వెళ్లడం మనకు కొత్తగా అనిపిస్తుంది గానీ, ఆ ఆలోచన వయసు నూరేళ్లు దాటింది.

తర్వాత యంత్రం బల్ల మీదికి, చేతిసంచిలోకి కుదించుకుపోయింది. తొట్ల స్థానంలో జెల్లీ పూసిన క్లిప్పులొచ్చాయి. 1930లలో ఛాతీ మీది ఆరు బిందువులు చేరాయి. ఇవాళ ఆసుపత్రిలో నాలుగో క్లిప్పు కుడికాలికి పెడతారు కదా, అది గీతల లెక్కలోకి రాదు, యంత్రానికి ఆధారంగా మాత్రమే ఉంటుంది. చేతులకూ ఎడమకాలికీ మధ్య ఐంథోవెన్ గీసిన త్రికోణమే పునాది. గులాబీరంగు కాగితం మీద చిన్న గడి సెకనులో 25వ వంతు, పెద్ద గడి అయిదో వంతు. గుండె క్రమంగా కొట్టుకుంటున్నప్పుడు రెండు ఆర్ కొనల మధ్య పెద్ద గడులు ఎన్నున్నాయో చూసి, 300ను ఆ సంఖ్యతో భాగిస్తే నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో వస్తుంది. నాలుగు గడులుంటే 75.

1924లో నోబెల్ ఐంథోవెన్‌కు ఒక్కడికే దక్కింది. వాలర్ అప్పటికి చనిపోయి రెండేళ్లు. జిమ్మీని ఊరంతా చూసినా, ఆసుపత్రిలో ఈ గీతలకు పెద్దగా పని ఉండదనీ, ఎప్పుడో ఒక అరుదైన కేసుకు తప్ప అక్కరకు రావనీ ఆయన 1911లోనే తేల్చి చెప్పాడు. అదే పెద్దమనిషి 1917లో రెండు వేల ఈసీజీలను పరిశీలించి పత్రం సమర్పించాడు.