మహమ్మారియు వైద్యగ్రంథభాండాగారియు

మహమ్మారి విరుచుకొనిపడినపుడు మనము వైద్యుని తలతుము, ఉపచారికను తలతుము. అది న్యాయమే. కాని ఆ వైద్యునికి సరియైన వ్యాసమును సకాలమున అందించిన గ్రంథభాండాగారిని తలచువారు అరుదు. పుస్తకములకు కాపలా కాయువారు రోగికేమి మేలు చేయుదురని కొందఱడుగవచ్చును. చరిత్రయే అందులకు సమాధానము చెప్పగలదు.

అమెరికాలో అంతర్యుద్ధము ముగిసిన 1865వ సంవత్సరమున జాన్ షా బిల్లింగ్సు అను సైనికవైద్యుడు సర్జన్ జనరలు కార్యాలయములోని చిన్న గ్రంథాలయమునకు అధికారి యయ్యెను. విద్యార్థిదశలో ఒక్క వ్యాసమునకు వలసిన విషయములకై పెక్కు గ్రంథాలయములు గాలించి విసిగినవాడతడు. ఆ కష్టము ఇతరులకు తప్పింపదలచి, డాక్టరు రాబర్టు ఫ్లెచ్చరు సాయముతో 1879లో ‘ఇండెక్సు మెడికసు’ అను మాసపత్రికను స్థాపించెను. నానాదేశముల వైద్యవ్యాసములకు అది విషయసూచిక. నేడు లోకమంతయు ఉచితముగా వాడుకొను ‘పబ్‌మెడ్’ దాని సంతతిలోనిదే.

అయితే సూచిక యున్నంత మాత్రమున చాలదు. వెదకుటయు ఒక విద్య. 2001లో ఆ దేశముననే ఉబ్బసమును గూర్చిన పరిశోధనకు స్వచ్ఛందముగా వచ్చిన 24 ఏండ్ల ఆరోగ్యవంతురాలు ఒక మందును పీల్చి మరణించెను. ఆ మందు ఊపిరితిత్తులకు కీడు చేయునని 1950వ దశకపు వ్యాసములలో అచ్చుపడియే యుండెను. పరిశోధకుడు వెదకిన సూచిక 1966కు వెనుకకు పోలేదు. దొరకని జ్ఞానము లేని జ్ఞానముతో సమానమే గదా!

2020లో కోవిడు వ్యాపించినపుడు కష్టము మఱియొక రూపు దాల్చెను. ఈసారి కొఱత కాదు, వెల్లువ. పండితుల పరీక్షకు నిలువకమున్నే వేలకొలది వ్యాసములు వెలువడెను. మే నెలలో ‘లాన్సెట్టు’ పత్రిక ప్రకటించిన హైడ్రాక్సీక్లోరోక్విను వ్యాసమును నమ్మి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందు పరీక్షను కొన్నాళ్లు ఆపెను. మూలాధారములు సరిచూడ వీలుకాకపోగా జూన్ 4న ఆ వ్యాసము ఉపసంహరింపబడెను. అటుపిమ్మటను దానిని ప్రమాణముగా ఉదహరించినవారు కలరు!

ఇట్టి వెల్లువలో వైద్యగ్రంథభాండాగారులు తమ శాలల తలుపులు మూతపడినను పని మానలేదు. ఇండ్లనుండియే వైద్యుల ప్రశ్నలకు వ్యాసములు వెదకి పంపిరి. పరిశోధకులు పూర్వవ్యాసముల నన్నిటిని క్రమముగా సమీక్షించుటకు తోడ్పడిరి. ఉపసంహృతములను గూర్చి హెచ్చరించిరి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయము వారు ఆ ఫిబ్రవరిలోనే కోవిడు వ్యాసములను వ్యాప్తి, నిదానము, చికిత్స మున్నగు శీర్షికలుగా విభజించి ‘లిట్‌కోవిడ్’ అను సూచికను తెఱచిరి. శవపరీక్షాశాలకు పోలేని విద్యార్థులకు గ్రంథాలయములనుండి చిత్రములును గ్రంథములును విద్యుద్యంత్రముల మూలమున చేరెను. ఏది నమ్మదగినదో, ఏది కాదో కనిపెట్టు నేర్పును గూడ వారే బోధించిరి.

ఈ నేర్పు వైద్యులకే కాదు, మన గృహములకును వలయును. చేతిలోని ఫోనునకు ఒక చికిత్సావార్త వచ్చినపుడు, ఎవరు చెప్పిరి, ఎచ్చట అచ్చయ్యెను, పిమ్మట నిలిచెనా అని మూడు ప్రశ్నలు వేయక ఇతరులకు పంపుట యుక్తము కాదు. ప్రతి వైద్యకళాశాలయందును శిక్షితుడైన గ్రంథభాండాగారికి అధ్యాపకునితో సమానమైన స్థానము ఉండవలెనని మా అభిప్రాయము. అది అలంకారము కొఱకు కాదు, ప్రాణరక్షణ కొఱకు.