ధ్రువ వాతావరణంలో మసి: రుతుభేదాలు, పరిశోధన చరిత్ర

డీజిలు, బొగ్గు, కట్టెలు, పంటల కొయ్యకాళ్లు అరకొరగా కాలినప్పుడు పుట్టే అతిసన్నని నల్ల కర్బన రేణువులే మసి. గాలిలో దీని ఆయుష్షు సుమారు వారం. ఆ కొద్ది రోజుల్లోనే ఉత్తర ధ్రువం దాకా పోగలదు. అక్కడ చలికాలం చివర, వసంతంలో పోగుపడి, వేసవికి దాదాపు కనుమరుగవుతుంది.

దీన్ని మొదట గమనించింది రసాయన శాస్త్రజ్ఞులు కాదు, విమాన సిబ్బంది. 1950ల్లో అలాస్కా మీదుగా వాతావరణ పరిశీలనకు వెళ్లినవారికి, తేటగా ఉండాల్సిన ఆకాశంలో మసకపొరలు కనిపించాయి. జె. ముర్రే మిచెల్ 1956లో వాటిని వర్ణించి ‘ఆర్కిటిక్ హేజ్’ అన్నారు. ఆ తర్వాత రెండు దశాబ్దాలు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1970ల్లో కెన్నెత్ రాన్, గ్లెన్ షా వంటివారు అలాస్కాలోని బారోలో గాలిని పరీక్షించి, మసక దూరదేశాల నుంచి వస్తోందని తేల్చారు. అందులో మసి పాలెంతో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు చెందిన హాల్ రోసెన్, టోనీ హాన్సెన్ 1980ల మొదట్లో చూపించారు. హాన్సెన్ బృందం తయారుచేసిన ఎథలోమీటర్ గాలిని వడపోత కాగితం గుండా లాగి, దానిపై పడిన మచ్చ ఎంత నల్లబడిందో కాంతితో కొలుస్తుంది.

చలికాలంలో ధ్రువపు చల్లగాలి గుమ్మటం దక్షిణంగా సాగి, యురేసియా కర్మాగారాలను కూడా తనలో కలుపుకుంటుంది. నేలను అంటిన గాలి పైగాలి కంటే చల్లగా ఉండటంతో పొగ పైకి లేవదు. కడిగే వాన కూడా ఉండదు. వేసవిలో గుమ్మటం కుంచించుకుపోతుంది, తుంపర మసిని దించేస్తుంది. అంటే ఎంత కాల్చామన్నదే కాదు, గాలి ఎప్పుడు శుభ్రపడుతుందన్నది కూడా లెక్కే.

ఇదే సూత్రం హైదరాబాదులోనూ కనిపిస్తుంది. 2000ల మొదట్లో బాలానగర్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థలో కె. మాధవీలత, కె.వి.ఎస్. బదరీనాథ్ ఎథలోమీటర్‌తో పరిశీలించగా, మసి చలికాలపు పొడి నెలల్లో హెచ్చి, వానాకాలంలో తగ్గింది. రోజులోనూ ఉదయం, రాత్రి రెండుసార్లు పెరిగింది. నేలను అంటిన మన చలిపొర మధ్యాహ్నపు ఎండకు విచ్చుకుంటుంది, ధ్రువానిది నెలల తరబడి కదలదు. పరిమాణంలో మాత్రం పోలికే లేదు: ఇక్కడ ఘనపు మీటరుకు మైక్రోగ్రాముల్లో, అక్కడ నానోగ్రాముల్లో.

పరికరాలు లేని కాలం సంగతి మంచు చెబుతుంది: గ్రీన్‌లాండ్ మంచుపొరల్లో మసి అత్యధికంగా ఉన్నది 1906–1910 నాటి పొరల్లో. అది బొగ్గు యుగం. హైదరాబాదులోనూ మెట్టుగూడ పక్కన లాలాగూడలో నిజాం రైల్వే వర్క్‌షాపు 1893లోనే వచ్చింది. ఆవిరి ఇంజన్ల పొగను ఇక్కడ కొలిచేవారెవరూ అప్పటికి లేరు.

దక్షిణాసియా మసి ఆర్కిటిక్‌కు చేరుతుందా? 2005లో డొరొతీ కోచ్, జేమ్స్ హాన్సెన్ నమూనా లెక్కలతో గణనీయంగా చేరుతుందన్నారు. నేలమట్టంలో అది స్వల్పమేనని 2006లో ఆండ్రియాస్ స్టోల్ తేల్చారు. వేడి ప్రాంతపు గాలి చల్లని గుమ్మటం మీదుగా జారిపోతుంది తప్ప లోపలికి సులువుగా దిగదు కనుక, స్టోల్ వాదనే ఎక్కువ నిలిచినట్టు తోస్తుంది. ఎత్తుల సంగతి వేరు. హైదరాబాదులో తార్నాకకు ఈశాన్యాన, ఈసీఐఎల్ దగ్గర టాటా మౌలిక పరిశోధనా సంస్థ బెలూన్ కేంద్రం నుంచి 2010 మార్చి 17న ఎగరేసిన పరికరం 4.5 కిలోమీటర్ల ఎత్తున, మళ్లీ 8 కిలోమీటర్లకు పైన దట్టమైన మసిపొరలను పట్టింది. సురేశ్ బాబు, కృష్ణమూర్తి తదితరుల ఈ పరిశీలన విశేషమేమిటంటే, మసి సూర్యరశ్మిని పీల్చి చుట్టూ ఉన్న గాలిని వేడిచేసి, తనకు తానే నిలకడైన చోటు కల్పించుకుంటుందన్న ఊహకు ఇది ఊతమిచ్చింది.

అంటార్కిటికాలో మసి అతిస్వల్పం. తీరప్రాంతాల్లో అక్టోబరు, నవంబరు నెలల్లో కొంత హెచ్చుతుంది. దక్షిణార్ధగోళంలో గడ్డిమైదానాలు, అడవులు తగలబడే కాలమది. పరిశోధనా స్థావరాల జనరేటర్లే అక్కడ సొంత కాలుష్యం.

సోవియట్ యూనియన్ కూలాక ఆర్కిటిక్ వసంతపు మసి బాగా తగ్గింది. ఇప్పుడు సైబీరియా, కెనడా కార్చిచ్చులు వేసవి స్వచ్ఛతకే ఎసరుపెడుతున్నాయి. భారత్ 2008లో ఆర్కిటిక్‌లోని నీ-అలెసున్‌లో ‘హిమాద్రి’ పరిశోధన కేంద్రాన్ని తెరిచినా, యాత్రలు చాలాకాలం మసి తక్కువగా ఉండే వేసవి చుట్టూనే సాగాయి, తొలి శీతాకాల యాత్ర 2023 డిసెంబరులో బయలుదేరింది.